మతిమరుపు జాడ తీసే కాంతి: ఎంత నిజం, ఎంత దూరం?

అల్జీమర్స్ వ్యాధిని లక్షణాలు బయటపడక మునుపే కనిపెట్టగల ‘మెరిసే అణువు’ను ఫలానా ప్రయోగశాల రూపొందించినదన్న వార్త ఏడాదికి ఒకటి రెండు పర్యాయాలైనా మన దినపత్రికలలో దర్శనమిస్తూనే ఉంటుంది. ఒకసారి అమెరికా, ఒకసారి చైనా, మరొకసారి మన పొరుగుననే ఉన్న బెంగళూరు. వార్త పక్కన నల్లని నేపథ్యంలో ఆకుపచ్చగానో ఎర్రగానో చుక్కలు చుక్కలుగా వెలుగుతున్న మెదడు బొమ్మ ఉంటుంది. ఆ మెదడు ఎవరిదన్న సంగతి చివరి పేరాలో గాని తెలియదు. చాలామట్టుకు అది చిట్టెలుక మెదడు.

ఇంట్లో పెద్దవారి మరపుతో సతమతమవుతున్న కుటుంబాలు ఇటువంటి వార్త చదివి, ఆ పరీక్ష ఎక్కడ చేస్తారని ఆరా తీయడం సహజం. కోలారు జిల్లా పాఠకులకు ఈ విషయం మరింత దగ్గరిది. బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థకు అనుబంధంగా ఉన్న మెదడు పరిశోధన కేంద్రం 2018లో మన శ్రీనివాసపురం తాలూకా గ్రామాలను ఎంచుకొని, 45 ఏళ్లు పైబడిన వారిని పదివేలమంది వరకు చేర్చుకొని ఏళ్ల తరబడి పరిశీలించే అధ్యయనానికి శ్రీకారం చుట్టింది. మామిడి తోటలకు పేరుపడిన ఆ తాలూకా ఇప్పుడు వైద్య పత్రికలలో ‘శాన్స్‌కాగ్’ అనే సంక్షిప్త నామంలో ఇమిడిపోయి కనిపిస్తుంది. మన ఊళ్లవారు తమ రక్తాన్ని, తమ సమయాన్ని ఈ శాస్త్రానికి ఇస్తున్నారు. ఆ శాస్త్రంలో ఏది ప్రయోగశాల గోడలు దాటినదో, ఏది దాటలేదో తెలుసుకొనే హక్కు వారికి ఉన్నది.

ముందుగా ఆ మెరుపు ఏమిటో చూద్దాము. ఒక రంగు కాంతిని పీల్చుకొని, అంతకన్నా కాస్త తక్కువ శక్తిగల మరొక రంగు కాంతిని వెనువెంటనే వెలువరించే గుణాన్ని ఫ్లోరోసెన్స్ అంటారు. మన పాఠ్యపుస్తకాలలో దానికి ప్రతిదీప్తి అని పేరు. గొట్టపు దీపం లోపలి తెల్లని పూత చేసే పని ఇదే. బ్యాంకు కౌంటరులో నీలలోహిత దీపం కింద నోటు పెట్టినప్పుడు అంకెలు వెలగడమూ ఇదే. వైద్య పరిశోధకులు కోరుకునేది కాస్త ఎక్కువ: వ్యాధి పదార్థం ఎదురుపడితేనే వెలగాలి, లేకుంటే చీకటిగా ఉండాలి.

ఆ వ్యాధి పదార్థాన్ని మొదట గుర్తించిన కథ నూరేళ్లకు పైబడినది. 1901లో ఫ్రాంక్‌ఫర్ట్ ఆసుపత్రిలో చేరిన ఆగుస్టె డేటర్ అనే 51 ఏళ్ల స్త్రీని ఆలోయిస్ అల్జీమర్ అనే వైద్యుడు పరీక్షించాడు. ఆమె తన పేరు కూడా సరిగా వ్రాయలేకపోయేది. 1906లో ఆమె మరణించిన తరువాత, మెదడు పొరలను వెండి లవణాల రంగుతో అద్ది చూడగా కణాల వెలుపల ఫలకాలు, కణాల లోపల చిక్కుముడులు కనిపించాయి. ఆ సంవత్సరం నవంబరులో ట్యూబింగెన్ సభలో ఆయన ఈ సంగతి విన్నవిస్తే శ్రోతలు పెద్దగా పట్టించుకోలేదు. ఫలకాలు అమిలాయిడ్ బీటా అనే మాంసకృత్తు తునకతోను, చిక్కుముడులు టౌ అనే మరొక మాంసకృత్తుతోను ఏర్పడతాయని తేలడానికి 1980ల దాకా వేచి ఉండవలసి వచ్చింది.

ఈ ఫలకాలను పట్టుకొనే రంగులు వైద్యశాలలో పుట్టినవి కావు, అద్దకపు కర్మాగారంలో పుట్టినవి. నూలుబట్టల కోసం 1880లలో జర్మనీలో తయారైన కాంగో రెడ్ అనే ఎరుపు రంగు, అమిలాయిడ్‌ను అంటిపెట్టుకుంటుందని 1922లో గమనించారు. థయోఫ్లావిన్ టి అనే పసుపు రంగు అమిలాయిడ్ తగిలితే వెలుగుతుందని 1959లో వెల్లడైంది. నేటికీ ఈ రంగంలో పనిచేసే ప్రతి ప్రయోగశాలలోనూ ఈ పసుపు రంగు సీసా ఉంటుంది.

అది వెలిగే తీరు ముచ్చటైనది. ఆ అణువులో రెండు ముక్కలు ఒక బంధం చుట్టూ విడివిడిగా తిరుగుతుంటాయి. కాంతి ద్వారా అందిన శక్తి అంతా ఆ తిరుగుడులోనే ఖర్చయిపోతుంది. అమిలాయిడ్ పోగుల సందున ఇరుక్కున్నప్పుడు తిరగడానికి చోటుండదు గనుక ఆ శక్తి కాంతిగా బయటికి వస్తుంది. తరగతి గదిలో మనం రోజూ చూసేదే ఇది. ఖాళీ బెంచీ మీద కూర్చున్న పిల్లవాడు కాళ్లూ చేతులూ ఆడిస్తూ తన ఉత్సాహమంతా ఖర్చు పెడతాడు. అయిదుగురి మధ్య ఇరికించి కూర్చోబెడితే అది కబుర్లుగా బయటపడుతుంది.

గాజు పలక మీది మెదడు పొరలో ఇంత చక్కగా పనిచేసే రంగు, బ్రతికి ఉన్న మనిషిలో పనిచేయకపోవడానికి అడ్డుగోడలు రెండున్నాయి. మొదటిది, రక్తనాళాలకూ మెదడుకూ నడుమ ఉండే అవరోధం. రక్తంలో తిరిగే ప్రతి పదార్థాన్నీ అది మెదడులోకి రానివ్వదు. చిన్నదై, కొవ్వులో కరగగలిగి, విద్యుదావేశం లేని అణువులకు కొంత సులభంగా దారి దొరుకుతుంది. థయోఫ్లావిన్ టి ధనావేశం కలది కాబట్టి వాకిట్లోనే నిలిచిపోతుంది. రెండవ గోడ ఇంకా మొండిది, అది మన తల. నీలి, ఆకుపచ్చ కాంతులు చర్మం, రక్తం, ఎముకలలో పడి కొద్ది దూరంలోనే ఇంకిపోతాయి. చీకటి గదిలో టార్చిలైటును అరచేతికి ఆనించి వెలిగిస్తే అవతలివైపుకు వచ్చేది ఎర్రని కాంతి మాత్రమే అన్నది పిల్లలకూ తెలిసిన ఆట. అందుచేత ఎరుపుకు ఆవల, కంటికి కనిపించని సమీప పరారుణ కాంతిలో, అంటే సుమారు 650 నుండి 900 నానోమీటర్ల నడుమ, వెలిగే అణువుల కోసం అన్వేషణ మొదలైంది.

2005లో ఏఓఐ-987 అనే రంగు ఆ దారిలో తొలి మైలురాయి. ఎలుక తల తెరవకుండానే, బయటినుండి కాంతి ప్రసరింపజేసి ఫలకాల జాడ తీయగలిగారు. అదే సంవత్సరం నియాడ్-4 అనే మరొక అణువు వెలువడింది. 2009లో అమెరికాలోని మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రి పరిశోధకులు ప్రకటించిన క్రానాడ్-2 మరీ ఆసక్తికరమైనది. అమిలాయిడ్ తగలగానే దాని వెలుగు 70 రెట్లు పెరుగుతుంది. పైగా వెలుగు రంగు కూడా 805 నానోమీటర్ల నుండి 715కు జరుగుతుంది. దీనికి మూలపదార్థం మన వంటింటి పసుపులోని కర్కుమిన్.

ఇక్కడ ఒక మాట చెప్పక తప్పదు. ‘పసుపు’ అన్న పదం వినపడగానే మన వాట్సాప్ వైద్యులకు ఉత్సాహం పొంగుతుంది. కర్కుమిన్ అమిలాయిడ్‌ను అంటిపెట్టుకొని వెలుగుతుందన్నది నిజం. పసుపు తింటే అల్జీమర్స్ నయమవుతుందన్నది వేరే మాట. తిన్న కర్కుమిన్ రక్తంలోకి చేరేదే బహు స్వల్పం. రోగులకు కర్కుమిన్ ఇచ్చి చూసి 2012లో ప్రకటించిన ఒక అమెరికా పరీక్షలో ప్రయోజనం కనిపించలేదు. క్రానాడ్ అణువులు పసుపు కావు, పసుపు అణువును ఆధారం చేసుకొని ప్రయోగశాలలో మలచినవి.

ఎలుక పుర్రె కాగితమంత పలుచన, మెదడు చిక్కుడుగింజంత. మనిషికి తల చర్మం, సుమారు పావు అంగుళం మందమైన ఎముక, ఆ కింద ద్రవం, ఆ తరువాత గాని మెదడు రాదు. సమీప పరారుణ కాంతి కూడా అంత లోతు పోయి, ఫలకపు మసక వెలుగును మోసుకొని, చెదరకుండా వెనక్కు రావడం నేటి పరికరాలకు సాధ్యపడలేదు. 1000 నానోమీటర్లకు పైబడిన కాంతితో కొంత మెరుగైన చిత్రాలు వస్తున్నా, అవీ ఎలుకలవే. కాబట్టి ‘మెదడులో మెరిసే అణువు’ వార్త చదివినప్పుడు ఆ పరీక్ష ఎక్కడ చేస్తారన్న ప్రశ్నకు జవాబు: మనుషులకు ఎక్కడా చేయడం లేదు.

అంతమాత్రాన ఈ కృషి వ్యర్థమని తేల్చివేయడం పొరపాటు. పుర్రెను దాటలేని ఆ వెలుగు మూడు పక్కదారులు పట్టింది. మూడింటిలోనూ ఫలితాలున్నాయి.

మొదటి దారిలో వెలుగును వదిలి అణువును ఉంచుకున్నారు. అమెరికాలోని పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో విలియం క్లంక్, చెస్టర్ మాథిస్ అనే ఇద్దరు థయోఫ్లావిన్ టి అణువులోని ధనావేశాన్ని తొలగించి, దానికి రేడియోధార్మిక కార్బన్‌ను తగిలించారు. పిట్స్‌బర్గ్ పదార్థం-బి అని పిలిచే ఈ అణువును 2002లో స్వీడన్‌లోని ఉప్సాలాలో తొలిసారి మనిషికి ఇచ్చారు. 2004లో ఫలితాలు వెలువడేసరికి, బ్రతికి ఉన్న మనిషి మెదడులోని ఫలకాలను పెట్ స్కాన్‌లో చూడవచ్చునని లోకానికి తెలిసింది. ఆ కార్బన్ 20 నిమిషాలకే సగానికి తగ్గిపోతుంది గనుక, 110 నిమిషాల అర్ధాయువు గల ఫ్లోరిన్-18తో మరికొన్ని అణువులు తయారయ్యాయి. వాటిలో ఫ్లోర్‌బెటాపిర్‌కు 2012లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ అనుమతి లభించింది. టౌ చిక్కుముడులను చూపే ఫ్లోర్‌టాసిపిర్‌కు 2020లో అనుమతి వచ్చింది. అయితే 110 నిమిషాలంటే బెంగళూరులో బయలుదేరిన బస్సు కోలారు చేరేలోగా మందులో ఇంచుమించు సగం కరిగిపోయినట్లే. కనుకనే ఈ స్కాన్ మహానగరాలలోని కొద్దిపాటి కేంద్రాలను దాటి రాలేదు.

రెండవ దారి కన్ను. నాడీ కణజాలాన్ని కోయకుండా, ఎముక అడ్డు లేకుండా కాంతితో చూడగల చోటు శరీరంలో అదొక్కటే. లాస్ ఏంజిలిస్‌లోని సీడర్స్-సైనాయ్ వైద్య కేంద్రం పరిశోధకులు కర్కుమిన్‌ను నోటి ద్వారా ఇచ్చి, కంటి రెటీనాలో వెలిగే చుక్కలను లెక్కించి, 2017లో ఫలితాలు ప్రకటించారు. రోగులలో చుక్కల సూచిక ఆరోగ్యవంతులకన్న రెట్టింపుకు పైగా ఉన్నదన్నారు. పరీక్షలో పాల్గొన్నది పదహారుమందే. వేరే బృందాలు కొన్ని మరణించిన రోగుల రెటీనాలో అటువంటి ఫలకాల కోసం వెదకి కనుగొనలేకపోయాయి. వాదం ఇంకా తేలలేదు. కంటి శుక్లాల శిబిరంలోనే మతిమరుపు పరీక్ష కూడా జరిగిపోయే రోజు వస్తుందన్న ఊహ ఆకర్షణీయమే గాని, ఊహగానే ఉంచుకోవలసినది.

మూడవ దారి పరీక్షనాళిక. అసలు విజయం ఇక్కడే. వ్యాధిలో మార్పు చెందిన టౌ, అమిలాయిడ్ తునకలు అతి స్వల్ప పరిమాణంలో రక్తంలోకి చేరుతాయి. వాటిని కొలవడానికి సిమోవా అనే సాంకేతికత 2010 తరువాత వ్యాప్తిలోకి వచ్చింది. ఒక్కొక్క అణువును ఒక్కొక్క సూక్ష్మమైన గుంటలో బంధించి, గుంటలోని ద్రవం వెలిగినదా లేదా అని లెక్కిస్తారు. ఆ వెలుగు ఫ్లోరోసెన్సే. 2025 మేలో అమెరికా నియంత్రణ సంస్థ అల్జీమర్స్‌కు తొలి రక్తపరీక్షను అనుమతించింది. జపాన్‌కు చెందిన ఫుజిరెబియో సంస్థ తయారుచేసిన ఆ లూమిపల్స్ పరీక్షలో వెలుగు రసాయనిక చర్యనుండి పుడుతుంది, మిణుగురు పురుగు వెలుగువలె. పరీక్ష సానుకూలమని వచ్చినవారిలో 91.7 శాతం మందికి స్కాన్‌లోనో వెన్నుద్రవంలోనో ఫలకాల ఆనవాళ్లు నిర్ధారణ అయ్యాయి. ప్రతికూలమని వచ్చినవారిలో 97.3 శాతం మందికి లేవని తేలింది. అయిదింట ఒకవంతుకు లోపున ఫలితం ఎటూ తేలలేదు. మెదడును వెలిగించాలని బయలుదేరిన శాస్త్రం చివరకు రక్తపు చుక్కను వెలిగించి పని జరిపించుకున్నది.

బెంగళూరు జక్కూరులోని జవహర్‌లాల్ నెహ్రూ ఉన్నత వైజ్ఞానిక పరిశోధన కేంద్రంలో టి. గోవిందరాజు బృందం అమిలాయిడ్‌ను గుర్తించే ప్రతిదీప్త అణువుల మీద చాలాకాలంగా పనిచేస్తున్నది. ఆయనకు 2021లో రసాయన శాస్త్ర విభాగంలో శాంతి స్వరూప్ భట్నాగర్ పురస్కారం లభించింది. ఆ బృందం రూపొందించిన టీజీఆర్-63 అనే అణువు ఎలుకలలో ఫలకాల భారాన్ని తగ్గించింది. ఎలుకలలో, అన్న మాటను మరువకూడదు.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాము. అణువు వెలిగిందనుకుందాము, రక్తపరీక్ష సానుకూలమని వచ్చిందనుకుందాము. ఆ మనిషికి మతి పోతున్నదని అర్థమా? కాదు. ఫలకాలు పేరుకోవడం లక్షణాలకు పదిహేను, ఇరవై ఏళ్ల ముందే మొదలవుతుంది. కొందరిలో లక్షణాలు ఎన్నటికీ రావు. మతి చక్కగా ఉన్నవారిలోనే 50 ఏళ్ల వయసులో పదిమందిలో ఒకరికి, 90 ఏళ్ల వయసులో పదిమందిలో నలుగురికి పైగా అమిలాయిడ్ ఉంటుందని 2015లో వెలువడిన ఒక విస్తృత సంకలనం లెక్క కట్టింది. అమెరికాలో 678 మంది క్రైస్తవ సన్యాసినులను జీవితాంతం పరిశీలించిన డేవిడ్ స్నోడన్ అధ్యయనంలో సిస్టర్ మేరీ కథ ప్రసిద్ధం. ఆమె జీవితమంతా బడిపంతులమ్మ. 101 ఏళ్ల వయసులో మరణించేవరకు పరీక్షలలో మంచి మార్కులే తెచ్చుకున్నది. మెదడు తెరిచి చూస్తే ఫలకాలు, చిక్కుముడులు పుష్కలంగా ఉన్నాయి.

రెండు భాషల నడుమ బ్రతికే మనవంటివారికి ఇందులో ప్రత్యేకమైన ఆసక్తి ఉన్నది. హైదరాబాదులోని నిమ్స్ ఆసుపత్రిలో సువర్ణ అల్లాడి బృందం 648 మంది రోగుల వివరాలు పరిశీలించి, ఏకభాషులకన్న ద్విభాషులలో మతిమరుపు లక్షణాలు సగటున నాలుగున్నర ఏళ్లు ఆలస్యంగా మొదలయ్యాయని 2013లో ప్రకటించింది. బడికి వెళ్లనివారిలో కూడా ఈ తేడా కనిపించడం విశేషం. ఇతర దేశాలలోని అధ్యయనాలన్నీ దీనితో ఏకీభవించలేదని కూడా చెప్పాలి. అది నిజమైనంత మేరకు దాని భావం ఏమిటి? ఫలకాలు రాకుండా భాషలు ఆపుతాయని కాదు, వచ్చినా మెదడు ఇతర దారుల వెంట పని సాగించుకుంటుందని పరిశోధకుల ఊహ. అంటే ఇంట తెలుగు, సంతలో కన్నడం, వక్కలేరిలో ఒక యాస, బాగేపల్లిలో మరొక యాస మాట్లాడే మన అవ్వ రక్తంలో దీపం వెలిగినా, ఆమె పాలలెక్క తప్పకపోవచ్చు. అటువంటి మనిషి చేతికి ‘సానుకూలం’ అన్న కాగితం ఇచ్చి పంపితే జరిగేదేమిటి? కొడుకులు పొలం కాగితాల మీద సంతకాలకు తొందరపడతారు. కోడలు పొయ్యి దగ్గరికి రానివ్వదు. వ్యాధి రాకమునుపే మనిషి రోగి అవుతుంది. అమెరికా అనుమతి కూడా 55 ఏళ్లు దాటి, లక్షణాలు కనిపిస్తున్నవారికే పరిమితమన్నది ఇందుకే గమనార్హం.

ముందుగా తెలిస్తే మందు ఉన్నదా అంటే, ఉన్నదనీ అనవచ్చు, లేదనీ అనవచ్చు. ఫలకాలను తొలగించే లెకానెమాబ్‌కు 2023లో, డోనానెమాబ్‌కు 2024లో అమెరికా అనుమతి లభించింది. 1,795 మందిపై 18 నెలలు జరిగిన పరీక్షలో లెకానెమాబ్ క్షీణతను 27 శాతం నెమ్మదింపజేసింది. అదే ఫలితాన్ని మరొక విధంగా చెబితే, 18 మార్కుల కొలబద్ద మీద తేడా 0.45 మార్కు. పోయిన జ్ఞాపకం తిరిగి రాదు. ఎనిమిదిమందిలో ఒకరికి మెదడులో వాపు కనిపించింది, అందుచేత పలుమార్లు ఎంఆర్‌ఐ తీయించుకోవాలి. అమెరికాలో ప్రకటించిన ధర ఏడాదికి 26,500 డాలర్లు, ఆనాటి మారకంలో దాదాపు 22 లక్షల రూపాయలు. ఆ పరీక్షలో పదిహేను రోజులకొకసారి నరంలోకి ఎక్కించిన మందు ఇది. ముళబాగిలు తాలూకా రైతు కుటుంబానికి ఈ వివరాలు వినిపించి, ‘ముందే కనిపెట్టడం మంచిది’ అనడానికి నోరు రావాలి.

అయినా ముందుగా వైద్యుని వద్దకు వెళ్లడం వ్యర్థం కాదు. దానికి కారణం మెరిసే అణువులు కావు. బి-12 విటమిన్ కొరత, థైరాయిడ్ లోపం, దిగులు జబ్బు, కొన్ని నిద్రమాత్రలు కూడా మతిమరుపువలె కనిపిస్తాయి. వీటిలో చాలామట్టుకు చక్కదిద్దదగినవి. మధుమేహం, రక్తపోటు, వినికిడి లోపం, పొగతాగడం మొదలైన 14 కారణాలను సరిదిద్దితే ప్రపంచంలో డిమెన్షియా కేసులలో దాదాపు 45 శాతాన్ని నివారించడమో వాయిదా వేయడమో సాధ్యమని లాన్సెట్ సంఘం 2024లో చెప్పింది. ఆ జాబితాలో చిన్ననాటి చదువు లేమి కూడా ఉన్నది. భారతదేశంలో 60 దాటినవారిలో 7.4 శాతం, అంటే సుమారు 88 లక్షలమంది, డిమెన్షియాతో ఉన్నారని 2023లో వెలువడిన జాతీయ అంచనా. వీరిలో అత్యధికులను ‘ముసలితనపు చాదస్తం’ అని ఇంట్లోనే వదిలేస్తున్నాము.

నిమ్హాన్స్, కర్ణాటక ప్రభుత్వం కలసి 2022లో ఆరంభించిన మెదడు ఆరోగ్య కార్యక్రమపు మొదటి విడతలో కోలారు, చిక్కబళ్లాపురం జిల్లాలు చోటుచేసుకున్నాయి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల వైద్యులకు ఈ జబ్బులను గుర్తించే శిక్షణ ఇవ్వడం దాని ఉద్దేశాలలో ఒకటి. ఆ వైద్యుని చేతిలో ఉండే పరికరం అణువూ కాదు, స్కానూ కాదు. కొన్ని ప్రశ్నలు, ఒక కాగితం, ఒక పెన్సిలు. ఈ రోజు ఏ వారం, మూడు మాటలు గుర్తుపెట్టుకొని చెప్పు, గడియారం బొమ్మ గీయి. ఇవి ఏ భాషలో అడుగుతారన్నది మనకు ప్రాణప్రదమైన విషయం. ఇంట్లో తెలుగే మాట్లాడే వృద్ధుడిని కన్నడంలో ప్రశ్నిస్తే, మాట వెదుక్కోవడానికి పట్టిన వ్యవధి మతిమరుపుగా లెక్కకెక్కుతుంది. అది లోపం లేనిచోట లోపం చూపుతుంది. లేదా ‘భాష రాక’ అని సరిపెట్టుకొని, ఉన్న లోపాన్ని వదిలేస్తుంది.

సాధనాలు లేక కాదు. అడెన్‌బ్రూక్ పరీక్షను తెలుగు, కన్నడంతోసహా పలు భారతీయ భాషలలోకి మార్చి పరీక్షించి సిద్ధం చేశారు. భారత వైద్య పరిశోధన మండలి రూపొందించిన పరీక్షల సంపుటి హిందీ, బెంగాలీ, తెలుగు, కన్నడ, మలయాళ భాషలలో ఉన్నది. కోలారు, చిక్కబళ్లాపురం జిల్లాల ప్రతి ఆరోగ్య కేంద్రంలోనూ కన్నడ ప్రతి పక్కన తెలుగు ప్రతి కూడా ఉంచి, రోగి కోరిన భాషలో అడగడానికి అయ్యే ఖర్చు జిరాక్సు ఖర్చు. ఆశా కార్యకర్తలలో ఇంట తెలుగు మాట్లాడేవారికి మన గ్రామాలలో కొదవలేదు.

అయితే అనువాదం మాత్రమే చాలదు. 2025 ఉగాది తరువాత ‘ఇది ఏ సంవత్సరం?’ అని అడిగినప్పుడు ‘విశ్వావసు’ అని, ‘ఇది ఏ నెల?’ అంటే ‘ఆషాఢం, ఇంకా అమావాస్య రాలేదు’ అని చెప్పే అవ్వలు మన పల్లెలలో ఉన్నారు. ఆ జవాబుకు మార్కు వేయాలని, ప్రశ్నలు అడగబోయే నర్సుకు శిక్షణలోనే చెప్పి ఉంచాలి.